మూతతో సహా తూచాను, నాన్నగారూ

పుదుచ్చేరి,
ఆగస్టు 3, ఆదివారం.

నాన్నగారికి,

మీ ఆమని, ముందుగా నమస్కారం పెట్టి, ఆ వెంటనే కోప్పడుతూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, విమల్, మా అత్తగారు ముగ్గురం క్షేమం. నా కుడి భుజం ఒక్కటే క్షేమంగా లేదు, దాని సంగతి కింద రాస్తాను. అక్కడ యానాంలో మీరూ అమ్మా క్షేమమని మీరు రాశారు. అమ్మ ఫోనులో చెప్పింది వేరు. అదీ కింద రాస్తాను.

మీరు ఉత్తరాలే రాయమంటారు. ఫోనులో సిగ్నల్ సరిగా ఉండదంటారు. నాలుగేళ్ళ నుంచి మన ఇంట్లో అమ్మకి వచ్చే సిగ్నల్ మీకు రావడం లేదు. అదే ఫోను, అదే అరుగు. వినపడని మనుషులకి పరీక్ష చేసి చెవి మిషన్ అమర్చడమే నా ఉద్యోగం. పదేళ్ళుగా ఆ పనిలో ఉన్నదాన్ని, నాకే ఈ సిగ్నల్ కథ చెప్తున్నారు. సరే, ఉత్తరమే రాస్తున్నాను. ఇందులో ఒక సుఖం ఉంది. మధ్యలో మీరు "ఆ, ఆ, సరేనమ్మా" అనలేరు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగారు. కొత్త కంప్యూటర్ బాగా పనిచేస్తోందా? మే నెలలో పట్టుకెళ్ళిన బిందెలో నీళ్ళు చల్లగా ఉంటున్నాయా? ఆగస్టు పదిహేనుకి వస్తున్నావా, వస్తే ఆ చెవి పెట్టెలు మోసుకురావద్దు, ఊరికే రా. ఈ మూడోది ప్రశ్న కూడా కాదు, ఆర్డరు.

ముందు దానికే జవాబు. వస్తున్నాను. పదిహేను స్వాతంత్ర్య దినం, పదహారు మన పుదుచ్చేరి విలీన దినం, రెండూ సెలవులే, పదిహేడు ఆదివారం. పద్నాలుగున రైలెక్కుతాను. పెట్టెతోనే వస్తాను. పరీక్ష మిషన్, మీ కోసం పక్కన పెట్టిన చెవి మిషన్ల జత, కంప్యూటర్, మూడూ తెస్తాను. మీరు ఒక గంట కొట్టు మూసి నా ఎదురుగా కూర్చోవాలి. కూర్చుంటారా, కూర్చోరా? నాకు కావలసిన జవాబు అదొక్కటే. మిగతా ఉత్తరమంతా ఎందుకు కూర్చోవాలో రాస్తున్నాను, విసుక్కోకుండా ఆఖరిదాకా చదవండి.

ఇప్పుడు కంప్యూటర్. ఏప్రిల్లో అది అందగానే "చాలా బాగుంది, తెర ఎంత పెద్దగా ఉందో" అని మీకు రాశాను. తెర పెద్దదన్న మాట నిజం. బాగుందన్న మాట అబద్ధం.

పాతది పాడైందని నేను రాస్తే, "నువ్వు చదువుకునేటప్పుడు కొనివ్వలేకపోయాను, ఇది నేనే కొనిపెడతాను" అని మీరు రాశారు. అది చదివి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఏం కావాలో ఒక చీటీ మీద రాసి కవర్లో పెట్టాను. బరువు కిలోంపావు దాటకూడదు. విండోస్ ఉండాలి, చెవి మిషన్లని సరిచేసే ప్రోగ్రాం అందులోనే నడుస్తుంది. మామూలు యూఎస్‌బీ కన్నాలు రెండు ఉండాలి. లోపల ఫ్యాన్ ఉండకూడదు. నాలుగే ముక్కలు. ఆఖరిదాని కింద రెండు గీతలు కూడా గీశాను.

కాకినాడ షాపులో మీరు ఏం చేశారో అమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. చీటీ జేబులోంచి తియ్యనే లేదట. సేల్స్‌మన్ వరసగా పెట్టిన లాప్‌టాప్‌లని ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని, పైకీ కిందకీ ఆడించి, చెంబులు చూసినట్టు చూశారట. సన్నటిది ఒకటి చేతికిస్తే "ఇదేటయ్యా, రేకుముక్క! నా కూతురికి ఇది ఇస్తావా?" అన్నారట. ఆఖరికి షాపులో అన్నిటికన్నా బరువైందాన్ని ఎంచి "ఇదీ సరుకంటే" అన్నారట. నలభై ఏళ్ళు ఇత్తడి సామాను అమ్మిన చెయ్యి మీది, మందం చూస్తే మురిసిపోతుంది. కానీ కంప్యూటర్ గుండిగ కాదు నాన్నగారూ! అందులో ఎవరూ పెళ్ళి వంట వండరు!

ఎవరు పాండిచ్చేరి బయల్దేరితే వాళ్ళ చేత యానాం అంతా సామాన్లు మోయించడం మనకి అలవాటే కదా. సెక్రటేరియట్ పని మీద వచ్చిన మన పక్కవీధి గుమాస్తాగారు దాన్ని తెచ్చిచ్చారు. గుమ్మంలో దించి నడుం పట్టుకుని, "ఏటమ్మా, మీ నాన్న ఇందులో రుబ్బురోలు గానీ పెట్టేరా?" అన్నారు. ఆ రోజు నవ్వాను. వారం తిరక్కుండానే నవ్వు పోయింది.

నా వారం ఎలా ఉంటుందో మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. మంగళవారం విల్లియనూరులో చెవి పరీక్షల శిబిరం. బస్సులో నిలబడే వెళ్ళాలి, ఒక చేత్తో కమ్మీ, ఒక భుజానికి పరీక్ష పెట్టె, ఇంకో భుజానికి మీ సరుకు. రెండు రోజులు స్కూటర్ మీద ఇళ్ళకి తిరగాలి. మిగతా రోజులు వైట్ టౌన్‌లో లోకనాథన్ డాక్టరుగారి క్లినిక్, అక్కడ బండి పెట్టే చోటు దొరకదు, రెండు వీధులు నడవాలి. నెలకోసారి కారైకాల్ ప్రయాణం. మీ లాప్‌టాప్ రెండు కిలోల ఆరువందలు. దాని ఛార్జరు ఇంకో ఏడువందల గ్రాముల ఇటుక. మే నెలాఖరుకి నాకు జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. ఎముకల డాక్టరు "ఏం మోస్తున్నావమ్మా?" అని అడిగితే మా నాన్న ప్రేమ అని చెప్పలేక లాప్‌టాప్ అన్నాను.

ఇక ఆ ఫ్యాన్. చెవి పరీక్షలో మనిషికి చీమ నడిచినంత శబ్దం వినిపించి, వినపడితే చెయ్యెత్తమంటాం. సరిగ్గా ఆ సమయానికే మీ సరుకు వేడెక్కి బుస్సుమని మొదలుపెడుతుంది. విల్లియనూరులో ఒక పెద్దాయన ఎత్తిన చెయ్యి దించనే లేదు. నేనింకా శబ్దం పెట్టనే లేదు. ఆయన వింటున్నది మీ ఫ్యాన్ని. "ఇంత బాగా వినపడుతుంటే నన్నెందుకు పిలిచారు?" అని ఆయన నా మీద కేకలేశాడు. నిజమే కదా.

రెండు వారాల క్రితం నేను వేరేది కొనుక్కున్నాను. మీకు చెప్పకుండానే కొన్నాను. ఏప్రిల్ నుంచి ఓర్చుకున్నదాన్ని అప్పుడే ఎందుకు కొన్నానో రాయడానికి ఇంకా చెయ్యి ఆడటం లేదు. ముందు కొన్న సంగతి రాస్తాను, అది తేలిక.

నెహ్రూ వీధిలో ఒక షాపుకి విమల్‌తో వెళ్ళాను. సేల్స్‌మన్ నా వైపు చూడడే! "సార్, మేడమ్‌కి ఏ కలర్ కావాలి?" అని విమల్‌ని అడుగుతాడు. "ఆయన్ని అడక్కండి, మోసేది నేను" అన్నాను. అప్పుడు చిన్నది ఒకటి చూపించాడు, బరువు చూస్తే ముచ్చటగా ఉంది. తీరా అడిగితే అందులో విండోస్ లేదు, ఏం చెయ్యాలన్నా నెట్ ఉండాలిట. శిబిరాల్లో నెట్ ఎక్కడిది? ఇంకొకటి అద్దంలా మెరుస్తోంది, దానికి ఒక్కటే సన్న కన్నం. "దీనికి కలిపే ముక్క ఒకటి కొనుక్కోండి మేడమ్" అన్నాడు. నేను ఇళ్ళకి తిరిగే వైతికుప్పం బెస్తపేట ఇసకలో ఆ ముక్క పడిపోతే అతను వచ్చి వెతుకుతాడా? ఆ మెరిసే తెర మీద ఎండలో నా మొహం తప్ప ఏమీ కనపడదు కూడా. ఆఖరికి లోపలికి వెళ్ళి, రెండు చేతులా మోసుకుంటూ ఒకటి తెచ్చాడు. "అదే ధరకి పదిహేను అంగుళాలు మేడమ్, గట్టి మోడల్." నాకు ఒళ్ళు మండింది. "మా నాన్నగారు గానీ ఇక్కడ పనిచేస్తున్నారా?" అని అరిచాను. తెలుగులో అరిచాను కాబట్టి అతనికి అర్థం కాలేదు. విమల్ సీలింగ్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి అద్దాల బీరువాలో అడుగున దుమ్ము పట్టి ఉన్నదాన్ని నేనే చూసి తియ్యమన్నాను. పదకొండున్నర అంగుళాల తెర. ఇదివరలో ఇలాంటివాటిని నెట్‌బుక్ అనేవారు. విండోస్ ఉంది, కన్నాలు రెండున్నాయి, తెర మెరవదు. "స్లో మేడమ్, గేములు ఆడదు" అని సేల్స్‌మన్ భయపెట్టాడు. నా ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళాను, అక్కడే ఎక్కించమన్నాను. ఎక్కడానికి టైం పట్టింది, నడవడం మాత్రం బాగానే నడిచింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నాను. షాపులో అందరూ నన్నే చూస్తున్నారని విమల్ తర్వాత చెప్పాడు. ఒక్క చప్పుడు లేదు. మన కొట్టు మధ్యాహ్నం మూసినప్పుడు ఉండేంత నిశ్శబ్దం.

పెట్టె మీద బరువు కిలో నూట యాభై అని ఉంది. అందులో ఛార్జరు కలిసిందా అని అడిగితే అది వేరే అన్నాడు. అప్పుడు మీరు గుర్తొచ్చారు. "మూతతో సహా తూచమను. మూత వేరే అన్నవాడి దగ్గర కొనకు" అని నాకు ఎనిమిదేళ్ళప్పుడు చెప్పారు. షాపులో తూకం మిషన్ లేదు. లాప్‌టాప్‌నీ ఛార్జర్‌నీ రెండు చేతుల్లో పట్టుకుని, సేల్స్‌మన్ వెనకాల పరిగెత్తుకొస్తుంటే, రెండు కొట్ల అవతల ఉన్న పాత్రల షాపుకి వెళ్ళి తూచమన్నాను. ఆ షాపాయన కళ్ళజోడు సర్దుకుని "ఇదేంటమ్మా, ఎవర్‌సిల్వరా?" అన్నాడు, మన స్టీలుకి ఇక్కడి పేరు అది. ఛార్జరుతో కలిపి కిలో మూడువందల యాభై. ఆ తక్కెడ దగ్గర నిలబడినప్పుడు మీ మీద కోపం పోయింది. ఒక్క నిమిషమే పోయింది.

మీరు కొన్నదాన్ని పారెయ్యలేదు, కంగారుపడకండి. క్లినిక్‌లో రిజిస్టరు బల్ల మీద పెట్టాం. కదలనక్కర్లేని చోట అది బ్రహ్మాండంగా ఉంది.

ఇది రాస్తుంటే మా అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మునెమ్మగారి సంగతి మీకు తెలుసు కదా, నాలుగు తరాలుగా వీళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. అందుకని ఆమె ముందే ఏదైనా రాసుకోవచ్చు.

"ఏంది పాపా, అంత నొక్కి నొక్కి రాస్తా ఉండావు? కాయితం చినిగిపోతాది," అన్నారు.

"మా నాన్నగారికి అత్తా."

"కోపంగానా?"

"అవును."

"రాయి, రాయి. ఆ బిందె సంగతి గూడా రాయి. పొద్దన నింపితే మద్యాన్నానికి సగం నీళ్ళు నేల మీదే ఉండాయి. యాడ జారి పడతానో అని నాకు బయం. మీ నాయన ఇచ్చినాడని నువ్వు దాన్ని ఎత్తి పెట్టవు, నన్ను ఎత్తనీవు."

మీ రెండో ప్రశ్నకి జవాబు ఆమె చెప్పేశారు. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో తెలుసుకునేంతసేపు ఆ బిందెలో నిలవడం లేదు. దాని గురించి ఇంకా ఉంది. దానికి ముందు, కంప్యూటర్ అప్పుడే ఎందుకు కొన్నానో రాయాలి. వాయిదా వేస్తూ వచ్చాను, ఇక వెయ్యను.

వైతికుప్పంలో అన్నమ్మాళ్ అని ఒకావిడ ఉంది. అరవై దాటాయి. పొద్దున్నే పడవల దగ్గర చేపలు వేలంలో పాడుకుని, గంపలో పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. జూన్‌లో ఆమెకి చెవి మిషన్ పెట్టాను. పెట్టగానే కూతురు తిలగం వెనక నుంచి "అమ్మా" అంటే గిరుక్కున తిరిగి చూసింది. నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఆమె చేతుల చేపల వాసన ఆ రోజంతా నా చేతికి ఉంది, కడుక్కోబుద్ధి కాలేదు.

జూలై పదో తేదీన తిలగం ఫోన్ చేసింది. మిషన్ పెట్టుకుంటే సముద్రపు గాలంతా చెవిలో హోరుమంటోందట, కత్తిపీట చప్పుడుకి తల పగిలిపోతోందట, వద్దంటోంది, ఒకసారి రమ్మంది. అది మామూలే. కొత్తలో చాలామందికి అలాగే ఉంటుంది. మిషన్‌ని కంప్యూటర్‌కి తగిలించి గాలి హోరు తగ్గించాలి, కీచు శబ్దాలు దించాలి. ఐదు నిమిషాల పని.

ఆ రోజు నా భుజం సలుపుతోంది. ఊరికే ఒకసారి చూసి వద్దామని, మీ బరువైన సరుకుని ఇంట్లో పెట్టి వెళ్ళాను. చూశాను. ధైర్యం చెప్పాను. సోమవారం కంప్యూటర్ తెచ్చి సరిచేస్తాను, అందాకా ఓపిక పట్టి పెట్టుకోమన్నాను. సరేనంది. నేను గుమ్మం దాటగానే తీసి చక్కెర డబ్బాలో పెట్టేసిందని తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున గంప నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే, వెనక్కి వస్తున్న వ్యాను ఆమెకి తగిలింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వీధిలో జనం కేకలేశారు. ఆమెకి తప్ప అందరికీ వినపడింది. తుంటి ఎముక విరిగింది.

తిట్టిపోస్తుందనుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాను. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు సోమవారం అన్నావు కదమ్మా. నేనే శనివారం బయటికి వెళ్ళాను. సోమవారం దాకా ఇంట్లో ఉండాల్సింది" అంది, నాకేదో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. మెట్ల మీదకి వచ్చి కూర్చుని ఏడ్చాను. ఆ వారంలోనే కొత్తది కొన్నాను. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళి, మంచం పక్కన నిలబడి, ఒళ్ళో పెట్టుకోవడానికి కూడా బరువు లేని ఆ చిన్నదానితో ఆమె మిషన్ సరిచేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె అటూ ఇటూ తల తిప్పి, పక్క మంచం వాళ్ళ మాటలు విని, "ఇంతేనా?" అంది. ఆ "ఇంతేనా" నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

పైన ఒక లైను కొట్టేసి ఉంటుంది చూడండి. ఈ తప్పులో సగం మీది అని రాశాను. మళ్ళీ కొట్టేశాను. తప్పు నాదే. "నాన్నగారూ, దీన్ని మోయలేను, మార్చుకుంటాను" అని ఏప్రిల్లోనే ఒక్క ముక్క రాసి ఉంటే, జూలైలో నా సంచిలో తేలికపాటిది ఉండేది. మీరు నొచ్చుకుంటారని రాయలేదు. మీరు నొచ్చుకోకుండా ఉండటానికి అన్నమ్మాళ్ తుంటి విరిగింది. ఈ మాట మీకు రాయాల్సి వచ్చిందని నాకు ఒళ్ళంతా కోపంగా ఉంది, మీ మీదా, నా మీదా.

ఇక అమ్మ ఫోనులో చెప్పింది. పోయిన సోమవారం కొట్టు నుంచి వస్తూ మీరు రోడ్డు దాటుతుంటే ఇసుక లారీ వచ్చిందట. అంత హారన్ కొట్టినా మీరు నడుస్తూనే ఉన్నారట. ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగితే, చొక్కా చిరిగిందని వాళ్ళ మీద కోప్పడ్డారట. ఆ మర్నాడే కూర్చుని నాకు "మేము క్షేమం" అని రాశారు! ఇంత గుండ్రటి అక్షరాలతో ఎలా రాయగలిగారు నాన్నగారూ?

చెవి మిషన్ పెట్టుకుని కొట్లో కూర్చుంటే బేరానికి వచ్చినవాళ్ళు నవ్వుతారని మీరు అమ్మతో అన్నారు. మోగించి సరుకు చెప్పే త్రిమూర్తులికి చెవులు పోయాయంటారని అన్నారు. మీ భయం అదొక్కటేనని నాకు తెలుసు. ఊరందరూ బిందె కొనాలంటే మీ దగ్గరికే ఎందుకొస్తారో కూడా నాకు తెలుసు. అందుకే ఇంతకాలం ఇంట్లో అందరం నోరు మూసుకున్నాం. ఇప్పుడు రాస్తున్నది చదివి అమ్మ మీద కోప్పడ్డారంటే నేను ఊరుకోను, ముందే చెప్తున్నాను. రెండేళ్ళుగా మీరు భోజనానికి ఇంటికెళ్ళగానే అమ్మ కొట్లో ఉన్న ప్రతి బిందే, ప్రతి చెంబూ మళ్ళీ మోగించి చూస్తోంది. మీరు బాగుందని ముందు వరసలో పెట్టినవాటిలో పగిలినవి ఏరి, వెనక గదిలో గోనెపట్టా కింద పెడుతోంది. వెళ్ళి పట్టా ఎత్తి చూడండి. మీ పేరు ఇంకా నిలబడి ఉందంటే, అది మా అమ్మ చెవులతో నిలబడి ఉంది.

ఇప్పుడు నా బిందె సంగతి. మే నెలలో వచ్చినప్పుడు మీ లాప్‌టాప్‌కి తోడు పరీక్ష పెట్టె కూడా మోయలేక రెండూ ఇక్కడే వదిలేసి వచ్చాను. ఆ సాయంత్రం కొట్లో ఉన్నాను. గృహప్రవేశానికని ఒకావిడ బిందె కోసం వచ్చింది. మీరు ఒకటి తీసి, వేలి కణుపుతో కొట్టి, తల ఎడమ పక్కకి వంచి విన్నారు. చిన్నప్పటి నుంచి నేను చూస్తున్న వంపే అది. "విన్నావామ్మా, గుడిగంట!" అన్నారు ఆవిడతో.

నాకు వినపడింది నాన్నగారూ. అది ఖంగుమనలేదు. తప్‌మంది. అడుగున అతుకు దగ్గర ఎక్కడో సన్నగా విచ్చింది. ఆ తేడా నాకు నేర్పింది మీరే, కొట్టు గట్టు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఏది మంచిదో ఏది పగిలిందో చెప్పమనేవారు. సరిగ్గా చెప్తే జీళ్ళు పెట్టేవారు. నేను చెవుల చదువు చదివింది ఆ ఆట వల్లే. ఆ సాయంత్రం నేను చెయ్యాల్సిన పని ఒకటే, "నాన్నగారూ, అది పగిలింది" అనడం. అనలేదు. "ఆ బిందె నాకు కావాలి" అని మీ చేతిలోంచి లాక్కున్నాను. మీరు మురిసిపోయారు. "చూశావా, మా అమ్మాయి సరుకు ఇట్టే పట్టేసింది" అని ఆవిడకి చెప్పి, ఇంకొకటి తీసిచ్చారు. అది మంచిదే, దేవుడి దయ. చెయ్యని పనికి ఆ మెచ్చుకోలు తీసుకుని నేను రైలెక్కాను. రోజూ చెవుల పరీక్షలు చేసేదాన్ని, కన్నతండ్రికి వినపడటం లేదని కళ్ళారా చూసి, బిందె చంకన పెట్టుకుని పారిపోయి వచ్చాను. ఇదీ నేను ఇన్నాళ్ళూ దాచింది. అన్నమ్మాళ్ దగ్గర చేసిన తప్పు ఇంతకుముందే మీ దగ్గర చేశాను.

ఇంక చెయ్యను. మీరు నొచ్చుకోండి. నాలుగు రోజులు అన్నం మానెయ్యండి. నాతో మాట్లాడకండి. లారీ కింద పడకుండా ఉంటే చాలు.

మీరు కొన్న లాప్‌టాప్‌కీ నేను కొన్నదానికీ, ఛార్జర్లతో కలిపి, దాదాపు రెండు కిలోలు తేడా. మీ బిందెని కూడా తూచాను, కిలో తొమ్మిదివందలు. సరిపోయింది. తగ్గిన బరువు స్థానంలో దాన్ని మోసుకొస్తున్నాను. పదిహేనో తేదీ పొద్దున అరుగు మీద కూర్చుని, ముందు మీరు ఎప్పుడూ కొట్టినట్టే ఒకసారి కొట్టి చూడండి. తర్వాత పరీక్షకి కూర్చోండి. చెవి మిషన్ పెట్టి, సరిచేసి, అదే బిందె మళ్ళీ మీ చేతికిస్తాను. మళ్ళీ కొట్టండి. పగిలిందని నేను రాశాను కదా అని నమ్మెయ్యకండి. అమ్మ మొహం చూసి చెప్పకండి. బేరానికి చెప్పినట్టు, తల వంచి విని, మీరే చెప్పండి.

అప్పటికీ గుడిగంటే అన్నారనుకోండి, మారు మాట్లాడను. ఆ బిందెని మళ్ళీ పాండిచ్చేరి మోసుకొచ్చి, బతికినంతకాలం నేల తుడుచుకుంటాను.

ఇట్లు,
సరుకు పట్టడం మీ దగ్గరే నేర్చుకున్న
మీ కూతురు,
ఆమని.